నీలిరంగును కొలిచిన మనిషి: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం



మన సంచికలో ఏటా ఒక మహనీయుని జీవితం వేయడం ఆనవాయితీ. బాబాసాహెబ్ అంబేడ్కర్ గారిని గురించీ, జ్యోతిరావు ఫూలే, సావిత్రీబాయి ఫూలే దంపతులను గురించీ ఎన్నోసార్లు రాసుకున్నాం. ఇక ముందూ రాసుకుంటాం. ఈసారి మాత్రం పూర్వ విద్యార్థులం కొందరం కలిసి ఒక సైంటిస్టును ఎంచుకున్నాం. దానికి కారణం ఉంది.

మాలో ఎక్కువమందిమి హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో పని చేస్తున్నాం. అందరం సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లం కాదు. కొందరం ప్రోగ్రాములు రాస్తాం, ఒకరిద్దరు మందుల కంపెనీల ల్యాబుల్లో ఉన్నారు, ఇద్దరు ఆ ఇంజనీర్లను ఆఫీసులకు చేర్చే క్యాబులు నడుపుతారు, ఒకరు అద్దాల మేడ దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజరు. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు మాలో పెద్దవాళ్ళం ఇంకా హాస్టల్లోనే ఉన్నాం. ట్రంకు పెట్టె మీద పుస్తకం పెట్టుకుని చదువుకునే రోజులవి. పేపర్లో ఆ గుండ్రటి మేడ ఫొటో చూసి, దాని లోపలికి పోయేవాళ్ళు మనలాంటి మనుషులు కారనుకున్నాం.

అదే అనుమానం ఇప్పుడు మీలో కనబడుతోంది. హాస్టల్‌కు కంప్యూటర్లు వచ్చాయి. కెమిస్ట్రీ, ఫిజిక్సు ప్రయోగాలు తెర మీద చేసుకునే వీలు వచ్చింది. కానీ మేం ఆదివారాలు వచ్చి చూస్తే మౌసు ఎప్పుడూ ఒకే ఒక్కరి చేతిలో ఉంటుంది. మిగిలిన ఐదారుగురు చేతులు కట్టుకుని వెనుక నిలబడి ఉంటారు. ఎందుకని అడిగితే ఒకరు పాడైతే ఎవరు కడతారంటారు. ఇంకొకరు ఇంగ్లీషులో ఉందంటారు. క్వార్టర్లీలో సైన్సు తప్పినవాళ్ళు అసలు ఆ గది వైపే రారు. తమకు సైన్సు రాదని వాళ్ళు తీర్పు చెప్పేసుకున్నారు. ఆ తీర్పు సంగతి తేల్చడానికే ఈ జీవితం రాస్తున్నాం. మెట్రిక్ పరీక్ష మూడోసారికి గాని పాసు కాని ఒక తెలుగు కుర్రవాని కథ ఇది.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఆయన నాలుగో సంతానం. తండ్రి చిన్న ఉద్యోగి. ఆరోగ్యం చెడి ముందుగానే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. ఇంట్లో తినే నోళ్ళు ఎక్కువ, వచ్చే డబ్బు తక్కువ. సుబ్బారావు గారికి చదువు మీద మనసు నిలవలేదు. పదమూడేళ్ళ వయసులో చుట్టాల పిల్లవానితో కలిసి కాశీకి బయలుదేరారు. యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడించాలన్నది పథకం. ఇంట్లోవాళ్ళు పట్టి వెనక్కు తెచ్చారు. తల్లి గట్టి మనిషి. రాజమండ్రి బడిలో చేర్చి చదివి తీరాలని కూర్చోబెట్టింది. ఇంట్లో మరణాలు, తండ్రి జబ్బు, వీటి మధ్య మెట్రిక్ తప్పారు. మళ్ళీ రాశారు, మళ్ళీ తప్పారు. చివరికి మద్రాసు వెళ్ళి ట్రిప్లికేన్ హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. చదువు ఖర్చుల కోసం తల్లి నగలు అమ్మిందని చెబుతారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. సుబ్బారావు గారిది బ్రాహ్మణ కుటుంబం. పేదరికం ఉంది గాని, ఈ చదువు నీ పుట్టుకకు తగదని ఆయనతో ఎవరూ అనలేదు. బడిలో వేరే కూర్చోబెట్టలేదు. మన తాతల కాలంలో మనవాళ్ళకు ఆ రెండూ జరిగాయి. కాబట్టి ఆయనకు కుదిరిందిగా, మీకెందుకు కుదరదని మిమ్మల్ని దబాయించడానికి ఈ కథ రాయడం లేదు. ఆయన ఎక్కిన మెట్లు మనవాటికన్నా తక్కువే. అయినా ఆయన ఒక మెట్టు ఎక్కిన విధానం మనకు పనికొస్తుంది. అది ముందు వస్తుంది.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివారు. లెక్కల్లో మంచి పేరు. కానీ మనసు రామకృష్ణ మఠం వైపు లాగింది. సన్యాసం తీసుకుంటానన్నారు. తల్లి అనుమతి లేనిదే కుదరదని మఠంవారు చెప్పారు, తల్లి ససేమిరా ఒప్పుకోలేదు. సేవ చేయాలంటే డాక్టరు కావచ్చు కదా అనే దారి చూపడంతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. స్నేహితులు, కస్తూరి సూర్యనారాయణ మూర్తి గారు చదువుకు డబ్బు సాయం చేశారు. ఆయన కుమార్తె శేషగిరి గారితోనే తర్వాత వివాహం జరిగింది.

మెడికల్ కాలేజీలో ఉండగా గాంధీగారి పిలుపు విని విదేశీ బట్ట మానేసి ఆపరేషన్ థియేటర్‌కు ఖద్దరు గౌను తొడుక్కుని వెళ్ళేవారు. సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్ దొరగారికి అది గిట్టలేదు. రాతపరీక్షలు బాగా రాసినా పూర్తి ఎం.బి.బి.ఎస్. డిగ్రీ రాలేదు. దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికి వచ్చింది. మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగం ప్రయత్నించారు, దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే లెక్చరరుగా చేరారు.

ఈ మధ్యలోనే ఇంటి మీద పెద్ద పిడుగు పడింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో, రక్తం పలచబడి మనిషి కృశించే జబ్బు అది. సుబ్బారావు గారికీ వచ్చింది. లక్ష్మీపతి గారి వైద్యంతో బతికి బయటపడ్డారు. దానికి అసలు మందు అప్పటికి ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు.

1920ల మొదట్లో కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ మాట ఇచ్చిన సాయంతో, మామగారు కూడబెట్టిన డబ్బుతో ఓడెక్కి అమెరికా వెళ్ళారు. బోస్టన్‌లో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరారు. తెచ్చుకున్న పట్టాతో అక్కడ డాక్టరుగా ఉద్యోగం దొరకలేదు. రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు తీసి కడిగే పని చేసి ఖర్చులు వెళ్ళదీసుకున్నారు. ఆ పని మన ఇళ్ళలో చాలామందికి తెలుసు. మన తల్లుల్లో, తండ్రుల్లో ఇప్పుడు కూడా ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో ఆ పని చేసేవాళ్ళున్నారు. ఇక్కడ ఆ పనికి ఒక కులం అంటగట్టి తలదించుకునేలా చేశారు. అక్కడ అది ఒక విద్యార్థి రాత్రి ఉద్యోగం. పొద్దున అదే చేతులతో ఆయన ప్రయోగశాలలో గాజు గొట్టాలు పట్టుకునేవారు.

ఇక ఆ గాజు గొట్టాల సంగతి. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి.

ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పూర్తయ్యాక సుబ్బారావు గారు హార్వర్డ్ మెడికల్ స్కూలు బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసరు దగ్గర పనిలో చేరారు. అక్కడ తేలవలసిన సమస్య చూడటానికి చిన్నది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలవాలి. ఉన్నది చాలా కొద్ది. అప్పటికి వాడుకలో ఉన్న పద్ధతుల్లో కొన్నింటికి ఎక్కువ రక్తం, ఎక్కువ సమయం కావాలి. రంగు పద్ధతులూ ఉన్నాయి గాని ఆ రంగు నిలకడగా ఉండేది కాదు. ఇవాళ ఒక లెక్క, రేపు ఇంకో లెక్క వచ్చేది.

ఫిస్క్, సుబ్బారావు గార్లు చేసింది ఇది. రక్తంలోని ప్రోటీనును ముందు తీసేస్తారు. మిగిలిన తేట ద్రవంలో ఆమ్లం, అమ్మోనియం మాలిబ్డేట్ కలుపుతారు. ఫాస్ఫేట్ ఉంటే అది మాలిబ్డేట్‌తో కలిసి ఫాస్ఫోమాలిబ్డేట్ అవుతుంది. ఆ తర్వాత అమైనో నాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం అనే క్షయకరణ పదార్థం కొద్దిగా వేస్తే ద్రవం నీలంగా మారుతుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువగా ఉంటే నీలం అంత చిక్కగా ఉంటుంది. పక్కనే మనకు లెక్క తెలిసిన ఫాస్ఫేట్ ద్రావణంతో ఇంకో గొట్టం ఇలాగే తయారు చేసి, రెండు నీలాలను కలరీమీటరులో పోల్చి చూస్తే తెలియని లెక్క తెలిసిపోతుంది. 1925లో ఈ పద్ధతి జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో అచ్చయింది. ఇప్పటికీ దాన్ని ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అనే పిలుస్తారు. మెడికల్ కాలేజీల్లో, డిగ్రీ బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్సులో మనవాళ్ళు కొందరు దీన్ని చేసి మార్కులు కూడా తెచ్చుకున్నారు. ఆ పేరులో ఉన్న సుబ్బారావు గారు భీమవరం మనిషని మాత్రం అప్పట్లో వారికి ఎవరూ చెప్పలేదు.

ఇందులో గొప్ప ఏముందని అడగవచ్చు. కొత్త జబ్బును కనిపెట్టలేదు, కొత్త మందును కనిపెట్టలేదు. ఒక కొలత కనిపెట్టారు. మా దృష్టిలో ఆయన జీవితంలో అసలు మలుపు ఇదే. మెట్రిక్ రెండుసార్లు తప్పిన మనిషి, తక్కువ పట్టా చేతబట్టుకుని వచ్చిన మనిషి, రాత్రి ఆసుపత్రిలో పాత్రలు కడిగి వచ్చిన మనిషి, ఆ గది లోపలికి వచ్చాక ఆయన చూసే నీలాన్ని ఎవరు చూసినా అంతే నీలం. ఆ గొట్టానికి ఆయన యాస తెలియదు, ఒంటి రంగు తెలియదు. ఒకసారి కొలిచి, రెండోసారి కొలిచి, పదోసారి కొలిచి అదే లెక్క వస్తే ఇక దాన్ని కాదనడానికి పెద్ద ప్రొఫెసరుకైనా కారణం చూపక తప్పదు. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977 నుంచీ ఇదే విషయం రాశారు. ఒక పని చేయగలమనే నమ్మకం ఎక్కువగా వచ్చేది ఎవరో పొగిడితే కాదట, ఆ పనిని మన చేత్తో ఒకసారి చేసి నెగ్గితేనట.

ఆ నమ్మకానికి పరీక్ష వెంటనే వచ్చింది. ఇదే పద్ధతిని వాళ్ళు కండరం నుంచి తీసిన ద్రవం మీద ప్రయోగించారు. రంగు సరిగ్గా రాలేదు. రావలసిన సమయానికి రావలసినంత నీలం రాకుండా, తర్వాత నెమ్మదిగా చిక్కబడుతూ పోయింది. తమ్ముళ్ళూ, మన ప్రాక్టికల్ క్లాసులో ఇలా జరిగితే ఏం చేస్తాం? గొట్టం సరిగ్గా కడగలేదనుకుని పారబోస్తాం, పక్కవాని లెక్క చూసి రికార్డు పుస్తకంలో వేసుకుంటాం. వాళ్ళు పారబోయలేదు. పద్ధతి తప్పు కాదని వాళ్ళకు తెలుసు, దాన్ని తయారు చేసింది వాళ్ళే. కాబట్టి కండరంలోనే ఏదో ఉందనుకున్నారు. ఆమ్లం తగిలితే నెమ్మదిగా విరిగి ఫాస్ఫేట్‌ను వదిలే పదార్థం ఏదో ఉండాలి. వెతికి పట్టుకుంటే అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. అదే కాలంలో ఇంగ్లండులో ఎగిల్‌టన్ దంపతులు కూడా దాని జాడ పట్టారు.

ఇది ఎందుకు పెద్ద విషయమంటే, కండరం లాక్టిక్ ఆమ్లం తయారవడం వల్లే ముడుచుకుంటుందని అప్పట్లో అందరూ నమ్మేవారు. కండరాల మీద పరిశోధనకు హిల్, మేయర్‌హాఫ్ అనే ఇద్దరికి 1922 నోబెల్ బహుమతి కూడా వచ్చి ఉంది. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడ్డాక ఆ నమ్మకం కదిలింది. 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం తయారు కాకుండా చేసినా కండరం ముడుచుకుంటుందని చూపడంతో పడిపోయింది. ఈలోగా 1929లో ఫిస్క్, సుబ్బారావు గార్లు కండరంలో ఇంకో ఫాస్ఫేట్ పదార్థాన్ని కనుగొన్నారు. అదే మీ పుస్తకంలో ఎనర్జీ కరెన్సీ అని బట్టీ పట్టే ఏటీపీ. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ గారు వేరుగా కనుగొన్నారు. చాలా పుస్తకాల్లో లోమన్ పేరే ఉంటుంది. ఈసారి ఏటీపీ పాఠం వచ్చినప్పుడు మార్జిన్‌లో మన మనిషి పేరు కూడా పెన్సిలుతో రాసుకోండి. 1930 నాటికి పీహెచ్‌డీ వచ్చింది.

హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు. ఆయన చేసిన పనిలో కొంత బయటికి రానివ్వలేదని, దాన్ని తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కనిపెట్టవలసి వచ్చిందని, దానికి కారణం ఫిస్క్ గారి అసూయ కావచ్చునని, ఆయనతో కలిసి పనిచేసిన జార్జ్ హిచింగ్స్ తర్వాత కాలంలో రాశారు. ఈ హిచింగ్స్ గారు 1988లో నోబెల్ అందుకున్నారు. కొలత నిజమైనా దాని మీద ఎవరి పేరు పడాలన్నది వేరే వ్యవహారం. అందులో యాసా, రంగూ, ఎవరి మనిషన్నదీ అన్నీ పనిచేస్తాయి. హైటెక్ సిటీలో పదిహేనేళ్ళు గడిపిన మాకు ఈ సంగతి ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

హైటెక్ సిటీ మాట వచ్చింది గనుక, ఆ నీలిరంగును వెతుక్కుంటూ ఒకసారి అక్కడికి వెళ్దాం. మాదాపూర్ నుంచి జూబిలీహిల్స్ వైపు పోతే మధ్యలో దుర్గం చెరువు ఉంది. 2020లో దాని మీద తీగల వంతెన కట్టారు, మీలో సెల్ఫీ దిగనివారు తక్కువ. ఆ చెరువులోకి ఏళ్ళ తరబడి మురుగునీరు చేరింది. మురుగులో, బట్టలు ఉతికే పొడుల్లో ఫాస్ఫేట్ ఉంటుంది. పొలానికి వేసే డీఏపీ లాగే అది నీటిలోని నాచుకు, గుర్రపుడెక్కకు ఎరువు. అవి విపరీతంగా పెరిగి, చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలో ఆక్సిజన్ అయిపోతుంది, చేపలు చస్తాయి. అలాంటి నీటిలో ఫాస్ఫేట్ ఎంతుందో ల్యాబులో ఎలా చూస్తారు? మాలిబ్డేట్ కలిపి, క్షయకరణ పదార్థం వేసి, నీలం ఎంత చిక్కగా వచ్చిందో చూస్తారు. క్షయకరణ పదార్థం మారింది, కంటికి బదులు యంత్రం చూస్తుంది. మూల సూత్రం ఆ నీలమే.

గచ్చిబౌలిలో 1998లో మొదలైన ట్రిపుల్ ఐటీ సంగతి కూడా చెప్పాలి. కేంద్ర విద్యాశాఖ వారి వర్చువల్ ల్యాబ్స్ పథకంలో అదొక భాగస్వామి. ఇంటర్నెట్ ఉంటే చాలు, ప్రయోగాలు తెర మీద ఉచితంగా చేసుకోవచ్చు. అందులో ఎన్నిసార్లు తప్పినా గాజు పగలదు, ఆమ్లం ఒలకదు, ఎవరూ కట్టనక్కరలేదు. తప్పడానికి భయపడేవాళ్ళకు అంతకన్నా మంచి చోటు లేదని మా అభిప్రాయం. అయితే తెర మీద రంగు మారడం వేరు, చేతిలోని గొట్టంలో మారడం వేరు. తెర మీద ఎప్పుడూ ప్రోగ్రాము రాసినవాడు అనుకున్న రంగే వస్తుంది. సుబ్బారావు గారి కండరపు ద్రవంలో లాగా అనుకోనిది రాదు. ప్రోగ్రాములు రాసే మేమే ఈ మాట చెబుతున్నాం కాబట్టి నమ్మవచ్చు.

మళ్ళీ అమెరికాకు. 1940లో సుబ్బారావు గారు హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ లేబొరేటరీస్‌లో చేరారు, త్వరలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. అక్కడి ఎనిమిదేళ్ళలో ఆయన బృందం చేసిన పని ఒక మనిషి జన్మకు ఎక్కువ. ఆయన తన పేరు ముందుకు తోసుకునే మనిషి కాదు. చాలా పత్రాల మీద ఆయన దగ్గర పనిచేసినవారి పేర్లే ఉంటాయి.

ముందు ఫోలిక్ ఆమ్లం. 1931లో లూసీ విల్స్ అనే డాక్టరమ్మ బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను ఈస్టు సారంతో నయం చేసి, అందులో ఏదో తెలియని పోషకం ఉందని చెప్పారు. సుబ్బారావు గారి బృందం 1945లో ఆ పదార్థాన్ని ల్యాబులో తయారు చేసింది. స్ప్రూ జబ్బుకు కూడా అది పనిచేసింది. ఇద్దరు సోదరులను తీసుకుపోయిన జబ్బు అది. మందు వచ్చేసరికి పాతికేళ్ళు ఆలస్యం. మీకు వారానికి ఒకసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్ర ఉంది చూశారా, అందులో ఐరన్‌తో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. చేదుగా ఉందని కిటికీలోంచి విసిరేస్తున్నారని వార్డెన్ గారు మాకు ఫిర్యాదు చేశారు.

తర్వాత దానికి సరిగ్గా ఎదురు మందు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తక్యాన్సరు వచ్చిన పిల్లలను చూసేవారు. ఫోలిక్ ఆమ్లం ఇస్తే క్యాన్సరు ఇంకా పెరుగుతున్నట్టు ఆయనకు తోచింది. అయితే దాన్ని అడ్డుకునే పదార్థం ఇస్తే తగ్గాలి కదా. సుబ్బారావు గారి బృందం అమైనోప్టెరిన్ తయారు చేసి పంపింది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. కొన్ని నెలలే తగ్గింది, మళ్ళీ తిరగబెట్టింది. కానీ అంతకుముందు ఆ కొన్ని నెలలు కూడా ఎవరికీ దొరకలేదు. దాని తమ్ముడి లాంటి మెథోట్రెక్సేట్ కూడా ఆ ల్యాబులోనే తయారైంది. ఇప్పుడు పిల్లల రక్తక్యాన్సరు చాలావరకు నయమవుతోంది, ఆ వైద్యంలో మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఒక ముఖ్యమైన మందు. కీళ్ళవాతానికీ అదే ఇస్తారు. మన అమ్మల్లో కొందరి మందుల సంచిలో వెతికితే దొరుకుతుంది, వారానికి ఒక్కసారే వేసుకోమని డాక్టరు గట్టిగా చెప్పే మాత్ర అదే.

1947లో బోదకాలు మందు. డైఇథైల్ కార్బమజైన్, పొట్టిగా డీఈసీ. నల్గొండ, కరీంనగర్, మెదక్ వైపు నుంచి వచ్చిన పిల్లలకు దీన్ని పరిచయం చేయనక్కరలేదు. దేశమంతటా బోదకాలు ఉన్న జిల్లాల్లో 2004 నుంచి ఇంటింటికీ, బడిబడికీ తిరిగి ఈ మాత్రలు మింగిస్తున్నారు. జబ్బు లేనివాళ్ళం ఎందుకు మింగాలని మేమూ అప్పట్లో గొడవ చేసేవాళ్ళం. కొందరికి కళ్ళు తిరిగి జ్వరం రావడంతో పుకార్లు కూడా లేచాయి. అసలు సంగతి, రక్తంలో కంటికి కనిపించని పురుగు పిల్లలు ఉన్నవాళ్ళకే ఎక్కువగా అలా అవుతుంది. మందుకు అవి చస్తుంటే ఒళ్ళు అలా స్పందిస్తుంది. అంటే జ్వరం వచ్చినవాడికే ఆ మందు అవసరం ఎక్కువన్నమాట. ఆ మాత్ర పుట్టింది పెర్ల్ రివర్‌లో, మన గోదావరి జిల్లా మనిషి నడిపిన ల్యాబులో.

ఇంకా ఆరియోమైసిన్ ఉంది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటి యాంటీబయాటిక్ అది. బెంజమిన్ డగ్గర్ అనే పెద్దాయన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి కనుగొన్నారు. డెబ్బై ఏళ్ళు దాటి రిటైరైన ఆయన లెడర్లీలో చేరి ఆ పని చేశారు. 1948 జులైలో దాన్ని ప్రపంచానికి ప్రకటించారు.

ఆ మరుసటి నెలలోనే, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. వయసు 53. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది. అమెరికాలో పాతికేళ్ళు ఉన్నా ఆయన ఆ దేశ పౌరుడు కాలేదు. భారతీయులకు అక్కడి పౌరసత్వం పొందే వీలు 1946 చట్టంతో గాని రాలేదు.

ఇంకో సంగతి రాయకుండా వదిలేస్తే ఈ జీవితం సగమే అవుతుంది. చదువు ముగించుకుని వస్తానని వెళ్ళిన మనిషి ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. శేషగిరి గారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. గొప్పవాళ్ళ జీవితాలు రాసేటప్పుడు ఇలాంటివి ఒక వాక్యంలో తేల్చేస్తుంటారు. మాలో ఒకరిద్దరు కూడా త్యాగమని రాద్దామన్నారు. ఆ త్యాగం ఎవరు చేశారో చూడమని ఒక చెల్లెలు అడిగింది. తల్లి నగలు, మామగారి డబ్బు, భార్య యౌవనం, ఇవన్నీ ఆ నీలిరంగు గొట్టం వెనుక ఉన్నాయి.

నోబెల్ రాలేదు. 1953లో ఒక శిలీంధ్రానికి ఆయన పేరు మీద సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టారు. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ ఒక స్టాంపు వేసింది.

ఇక హాస్టల్ పిల్లలకు ఒక కబురు. వార్షికోత్సవం అయిన తర్వాతి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మేము అమ్మోనియం మాలిబ్డేట్, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం, మెడికల్ షాపులో దొరికే విటమిన్ సి మాత్రలు, ఓ ముప్పై గాజు గొట్టాలు తెస్తున్నాం. సైన్సు మాస్టారు ఉంటారు, ఆమ్లం ఆయనే పోస్తారు, కళ్ళద్దాలు పెట్టుకోకుండా ఎవరూ దగ్గరికి రాకూడదు. సీసాల్లో దుర్గం చెరువు నీరు, మన బోరు నీరు, బాగా నీళ్ళు కలిపిన కోలా డ్రింకు ఉంటాయి. కోలాలో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది, కాబట్టి దాని రంగు మీద పందేలు కాయవద్దు. గొట్టాలను వేడినీటి గిన్నెలో ఉంచి నీలం వచ్చేదాకా ఆగాలి. వచ్చాక తెల్ల కాగితం ముందు వరసగా పెట్టి ఫోనుతో ఫొటో తీసి, కంప్యూటర్లో తెరిచి ఒక్కో గొట్టం రంగు విలువలు చదవాలి. నీలం చిక్కబడేకొద్దీ ఎరుపు అంకె తగ్గుతూ పోతుంది. ఆ అంకెలతో గ్రాఫు గీయాలి. మౌసు మాత్రం ప్రతి ఒక్కరూ ఒక్కో గొట్టానికి పట్టుకోవాలి, క్వార్టర్లీ తప్పినవాళ్ళతో మొదలు. ఏ గొట్టమైనా అనుకున్నట్టు రాకపోతే పారబోయకుండా మాకు చూపించండి.